ఇంట కూర్చుకొను ఆటల కంప్యూటరు: దేనికెంత వెచ్చింపవలెను?

బియ్యము కొనునపుడు నాలుగు గింజలు నోటవేసికొని చూతుము. చీర కొనునపుడు అంచును, నేతను, రంగును వేరువేరుగ పరీక్షింతుము. కారము, పసుపు, నూనెలలో కల్తీ యెచ్చట నుండునో మనకు తెలియును. ఇన్ని విషయములందు ఇంత మెలకువ గల మనము, ఇంటికి కంప్యూటరు కొనవలసి వచ్చినపుడు మాత్రము డబ్బు లెక్కించి యిచ్చి, తక్కిన సంగతిని కుమారునికో దుకాణదారునికో విడిచిపెట్టుచున్నాము. భాగముల పేళ్లు ఆంగ్లమున నుండుటయే దీనికి ముఖ్యకారణము. పేళ్లు పరభాషవే గాని సొమ్ము మనది. బేరమును మనదే కావలెను. కావున పిల్లలు ఆటలాడుకొనుటకు తగిన కంప్యూటరును తక్కువ వ్యయముతో, విడిభాగములు కొని యింటనే కూర్చుకొను విధమును గూర్చి ఈ మాసము వ్రాయ సంకల్పించితిమి.

"ఆటలకొరకు ఇంత ధనమా?" యని కొందరు తల్లులు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. మధ్యతరగతి కుటుంబమున ఇట్టి యంత్రము కొనుట యనగా పెక్కుమాసముల పొదుపును ఒక్కమారు బయటకు తీయుట. తప్పుగా కొన్నచో మరల కొనుటకు చేత డబ్బుండదు. ఐనను ఆటకు సరిపడు యంత్రము చదువునకును, ప్రోగ్రాములు వ్రాయుటకును, బొమ్మలు గీయుటకును, వీడియోలు కూర్చుటకును సరిపడును. ఇంట నొకరు ఆటకని కోరిన వస్తువే మరియొకరి విద్యకు సాధనము కాగలదు. కొనవలెనా వద్దా యను నిర్ణయము ఏ యింటికాయింటిది. కొన్నచో మాత్రము ఆ ధనము అక్కరకు వచ్చు భాగములమీదనే పడునట్లు చూచుట గృహిణి చేయదగిన పని.

ఇది వ్రాయునపుడు సిద్దిపేట గృహములను మేము ముఖ్యముగ మనసునం దుంచుకొంటిమి. 2016వ సంవత్సరమున జిల్లాకేంద్రమైన యీ పట్టణమున 2023లో ఐ.టి. టవరు ప్రారంభమైనది. ఆ యేటనే అక్టోబరు మాసమున సికింద్రాబాదునకు రైలు నడువ నారంభించినది. విడిభాగములకు పేరుగన్న చెనాయ్ ట్రేడ్ సెంటరు సికింద్రాబాదు పార్కులేనునం దున్నది. రాజీవ్ రహదారి మీద బస్సులో పోయినను సుమారు 100 కిలోమీటర్ల దూరము గనుక ఉదయము బయలుదేరి సాయంత్రమునకు తిరిగి రావచ్చును. కాని ధరలు పోల్చునపుడు ఒక్క సంగతి మరువరాదు. ఏదేని భాగము చెడినచో దానిని ఇచ్చి వచ్చుటకొక ప్రయాణము, మార్చినదానిని తెచ్చుకొనుటకు మరియొక ప్రయాణము తప్పకపోవచ్చును. వ్యత్యాసము కొలదిపాటి యైనచో ఊరి దుకాణముననే కొనుట లాభము. ఆన్‌లైనులో కొనువారును, చెడిన వస్తువును ఎవరికి, ఎట్లు పంపవలెనో ముందే తెలిసికొనవలెను.

ఇక యంత్రమునందలి ముఖ్యభాగములు ఏడు. లెక్కలన్నియు చేయునది ప్రాసెసరు. భాగములన్నిటిని కలుపు పలక మదరుబోర్డు. పని జరుగుచున్నంతసేపు సామగ్రి పరచుకొను వంటగట్టు వంటిది ర్యాము. సమస్తమును భద్రపరచు కొట్టుగది వంటిది ఎస్.ఎస్.డి. తెరమీది బొమ్మలను క్షణక్షణమును గీయునది గ్రాఫిక్సు కార్డు. గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటును యంత్రమునకు తగినట్లు 12, 5, 3.3 వోల్టులుగ మార్చి పంచునది పవరు సప్లయి. వీనినన్నిటిని ఇముడ్చుకొను పెట్టె క్యాబినెట్టు. ఇవిగాక మానిటరు, కీబోర్డు, మౌసు కావలెను. ఇంట మంచి టీవీ యున్నచో మానిటరు కొనుటను కొంతకాలము ఆపవచ్చును.

దుకాణమునకు పోకమునుపే పిల్లలను రెండు ప్రశ్నలడుగవలెను. ఏ యాట లాడుదురు? ఎంత తెరమీద ఆడుదురు? ఈ రెండింటికి జవాబు చెప్పలేనివాడు భాగముల నెన్నలేడు. వాలరాంట్ వంటి ఆటలకు పెద్ద కార్డు అక్కరలేదు. 2015లో కంప్యూటరునకు వచ్చిన జీటీఏ 5 యును కొంచెము మెత్తగనే నడచును. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటివి మాత్రము కార్డును మిక్కిలి శ్రమపెట్టును. తెర విషయమునకు వచ్చినచో, 1080పి యను సామాన్యపు తెరమీద 20,73,600 చుక్క లుండును. 4కె తెరమీద 82,94,400 చుక్కలు, అనగా సరిగా నాలుగింతలు. ఆ నాలుగింతల చుక్కలను గీయవలసినది కార్డే. తక్కువ ధనము గలవారు 1080పి తెరతో తృప్తిపడుట యుక్తము. పెద్ద తెరను కొని దానికి చిన్న కార్డును జతచేయుట, పెండ్లికి పిలుపులు వేయిమందికి పంపి వంట నూరుమందికి చేయించుట వంటిది.

ఆటలు తేలికవే యైనచో కార్డు లేకయే పని గడుపుకొనవచ్చును. 2021లో వెలువడిన రైజెన్ 5 5600జి వంటి ప్రాసెసర్లలో బొమ్మలు గీయు శక్తియు కొంత ఇమిడియుండును. ముందు దీనితో యంత్రమును కూర్చుకొని, చేతికి డబ్బందినపుడు కార్డును చేర్చుకొనవచ్చును. చేత డబ్బు తక్కువగ నున్నవారికి ఇది అప్పు చేయనవసరము లేని మార్గము. ఇచ్చట నొక జాగ్రత్త యున్నది. పేరు దాదాపు ఒక్కటియే యైనను, చివర 'జి' లేని రైజెన్ 5 5600లో ఆ శక్తి లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో చివర 'ఎఫ్' ఉన్నచో అందును లేదు. అట్టిది కొని కార్డు కొననిచో తెరమీద ఏమియు కనబడదు. ఒక్క అక్షరము చూడకపోవుటచేత యంత్రము మూలబడును.

కార్డుతో కూడ కొనువారికి, మానిటరును విడిచి, నూరు రూపాయలను మేమిట్లు పంచుదుము. గ్రాఫిక్సు కార్డుకు 35, ప్రాసెసరునకు 18, ర్యామునకు 14, మదరుబోర్డునకు 13, ఎస్.ఎస్.డి.కి 8, పవరు సప్లయికి 8, క్యాబినెట్టునకు 4. ధరలు మారుచుండును గనుక ఒకటి రెండు చోట్ల సవరణ తప్పదు. 2025వ సంవత్సరపు చివరి మాసములలో, కృత్రిమమేధ కొరకు నెలకొల్పబడు పెద్ద కేంద్రములకు మెమరీ విస్తారముగ కొనబడుటచేత ర్యాము ధర అమితముగ పెరిగినది. అట్టి సమయమున ర్యామునకు ఎక్కువ పోయినచో ఆ లోటును ప్రాసెసరునందో క్యాబినెట్టునందో సరిపెట్టుకొనవలెను గాని, పవరు సప్లయినుండి మాత్రము పైసయు తీయరాదు. కారణము ముందు చెప్పుదుము.

ప్రాసెసరు, మదరుబోర్డు, ర్యాము ఈ మూడింటికిని పొత్తు కుదురవలెను. ఏఎం4 అను జాతి బోర్డునకు డీడీఆర్4 ర్యాము, ఏఎం5 బోర్డునకు డీడీఆర్5 ర్యాము మాత్రమే పట్టును. ఒకదానిది మరియొకదానిలో దూరదు. తక్కువ ధనమునకు ఏఎం4 మీది రైజెన్ 5 5600, లేదా ఇంటెల్ కోర్ ఐ3 12100ఎఫ్ ఇప్పటికిని చాలినవే. ఇవి రెండును 2022లో వెలువడినవి. పాత బీ450 బోర్డు తీసికొన్నచో, దానియందలి బయాస్ ఆ ప్రాసెసరును గుర్తించునట్లు నవీకరింపబడినదా యని అడిగి కొనవలెను.

ఈ సందర్భమున ఒక పెద్ద మోసమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. "ఐ7 కంప్యూటరు, చౌకధర" యని ప్రకటనలు కనబడును. ఐ7 అనునది వంశనామము వంటిది. 2008 నుండియు నున్నది. 2012లో వచ్చిన ఐ7 3770 కంటె 2022 నాటి చిన్న ఐ3 12100 వేగము గలది. ఐ7 అని విని మురిసిపోక, తరువాతి అంకెలు చదివి అది ఏ సంవత్సరపుదో అడుగవలెను. విండోస్ 10కి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11కి టీపీఎం 2.0 అను భద్రతాసాధనము కావలెను. ఆ పాత ప్రాసెసర్లు దాని ఆమోదపు పట్టికలో లేవు. విండోస్ 11 మీద వాలరాంట్ ఆటయు టీపీఎం 2.0 లేనిదే నడువదు. పది పదునైదేండ్ల నాటి సరకుతో కూర్చిన యంత్రమును నమ్మి కొన్నచో, ఏ యాటకొరకు కొంటిమో ఆ యాటయే నడువకపోవచ్చును.

గ్రాఫిక్సు కార్డు విషయమునను ఇట్టి మాయయే కలదు. "4 జీబీ కార్డు" అని దుకాణదారు చెప్పగనే గొప్పది యని తలపరాదు. 2014లో వచ్చిన జీటీ 730 కూడ 4 జీబీతో అమ్మబడినది. నేటి పెద్ద ఆటలకు అది యెందుకును చాలదు. జీబీ యనునది కార్డు పాత్ర యెంత పెద్దదో చెప్పును. పొయ్యి మంట యెంతో చెప్పదు. 1080పి తెరకు 2021లో వెలువడిన ఆర్ఎక్స్ 6600 ఒక కొలబద్ద. అది 8 జీబీది. 132 వాట్ల కరెంటు తీసికొనును. ధర దానికి దరిదాపుగ నున్న యే కార్డునైనను దానితో పోల్చి, అంతకంటె మందమైనదైనచో విడువవలెను. కార్డునకు వేరుగ కరెంటు తీగ చాలని చిన్న యంత్రములకు ఆర్‌టీఎక్స్ 3050 యొక్క 6 జీబీ రకమున్నది. అది 70 వాట్లతోనే పనిచేయును.

ర్యాము 16 జీబీ కావలెను. దానిని 16 జీబీ గల ఒక్క పుల్లగా గాక 8 జీబీ గల రెండు పుల్లలుగా కొనవలెను. రెండున్నపుడు ప్రాసెసరునకు రెండు దారులేర్పడి సామగ్రి త్వరగా అందును. 5600జి వంటివి బొమ్మలు గీయుటకును ఈ ర్యామునే వాడుకొనును గనుక వారికి ఇది మరింత ముఖ్యము. ఎస్.ఎస్.డి. ఎన్‌వీఎంఈ రకమైనది 500 జీబీ కనీసము. ఒక్కొక్క పెద్ద యాటయే 100 జీబీ పట్టునట్టివి కలవు గనుక వీలున్నచో 1 టీబీ మేలు.

ఇప్పుడు పవరు సప్లయి సంగతి. ఇది పెట్టెలోపల దాగియుండును. వెలుగదు, మెరయదు, ఆటను వేగపరుపదు. కావుననే అందరును ఇచ్చటనే పిసినారితనము చూపుదురు. క్యాబినెట్టుతో ఉచితముగ వచ్చు పేరులేని సప్లయిని బిగించి, "500 వాట్లు" అని అంటించిన కాగితమును నమ్ముదురు. బోరుబావి మోటారునకు సన్నని తీగ వేసినచో నేమగునో మన జిల్లా రైతుకుటుంబములకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇచ్చటను అంతే. నాసిరకపు సప్లయి బరువు పడినపుడు వోల్టులను నిలుపలేక యంత్రమును మధ్యమధ్య ఆర్పును. అంతకంటె కీడు, తాను చెడునపుడు బోర్డును, కార్డును, ఎస్.ఎస్.డి.ని కూడ తనతో తీసికొనిపోగలదు. తక్కిన భాగమేది నాసియైనను ఆట మందగించును. ఇది నాసియైనచో పొదుపంతయు బూడిదయగును. పిల్లలు చేయివేయు వస్తువు గనుక ప్రాణభయమును లేకపోలేదు.

ఎంత శక్తి గలది కొనవలెనో లెక్క సులభము. కార్డు 132 వాట్లు, ప్రాసెసరు ముద్రించిన 65 వాట్లు అప్పుడప్పుడు మించును గనుక 90 అనుకొందము, తక్కినవన్నియు 50. మొత్తము 272. దీనికి మించిన 450 నుండి 550 వాట్ల సప్లయి, పేరుగల సంస్థది, '80 ప్లస్ బ్రాంజ్' గుర్తు గలది చాలును. ఆ గుర్తు గలది సగము బరువుమీద పనిచేయునపుడు, గోడనుండి తీసికొన్న కరెంటులో సుమారు 85 వంతులను పనికి మార్చి, తక్కినది మాత్రమే వేడిగ పోగొట్టును. బి.ఐ.ఎస్. ముద్రయును చూచుకొనవలెను. 750 వాట్లు కావలెనని దుకాణదారు చెప్పినను ఈ యంత్రమునకు అనవసరము.

క్యాబినెట్టునకు నూటికి నాలుగు రూపాయలే యేల యందురేమో. అద్దపు పలకలు, రంగురంగుల దీపములు ఆటకు చుక్కయైనను అదనముగ గీయవు. సిద్దిపేట వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును, కావలసినది గాలి. ముందువైపు జల్లెడ వంటి రేకు, లోనికి గాలి పీల్చు ఫ్యానొకటి, బయటకు త్రోయునది యొకటి యున్నచో చాలును. పెట్టెను నేలమీద గాక బల్లమీద నుంచి, గోడకు జానెడు దూరముంచి, నెలకొకసారి కరెంటు తీసివేసి మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను.

కొనునపుడు మొత్తము ధర గాక భాగము భాగమునకు ధర వేరుగ వ్రాయించి, రెండు దుకాణముల పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. "500 వాట్ల సప్లయి" యని మాత్రమే వ్రాసిన పట్టికను ఒప్పుకొనరాదు. సంస్థపేరు, రకము స్పష్టముగ నుండవలెను. మూసిన పెట్టెలను మన యెదుటనే విప్పించి, 18 శాతము జీఎస్టీతో కూడిన బిల్లుమీద సీరియలు నంబర్లు వేయించుకొనవలెను. బిల్లు లేక కొన్న చౌక, వారంటీ లేని చౌక. న్యాయము జరుగనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయసంఖ్యకు తెలుపవచ్చును. పాతవి కొనదలచిన, ప్రాసెసరును క్యాబినెట్టును కొనవచ్చును. పవరు సప్లయిని, ఎస్.ఎస్.డి.ని పాతవి కొనరాదు. పాత కార్డును అరగంటయైనను ఆట నడిపి చూడక కొనరాదు.

కూర్చునాడు ఇంటిలోని కుమార్తెను తప్పక ప్రక్కన కూర్చుండబెట్టవలెను. ప్రక్కన అనగా చూచుటకు గాదు, స్క్రూడ్రైవరు పట్టుటకు. ఇది రెండు మూడు గంటల పని. బలము గాదు, ఓపిక కావలెను. భాగముల ముట్టకమునుపు ఇనుపపెట్టెను తాకి, చేతియందలి స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. పవరు సప్లయిని మాత్రము ఎన్నడును విప్పరాదు. ఆర్పిన పిదపను దానియందు కరెంటు నిలిచియుండును. మానిటరు తీగను బోర్డునకు గాక కార్డునకే తగిలింపవలెను. ఇది తప్పి, కార్డు పనిచేయుటలేదని దుకాణమునకు పరుగెత్తినవారు పెక్కుమంది. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ యను దానిని తెరచినగాని ర్యాము కొన్న వేగమున నడువదు. మూడు కాళ్ల ప్లగ్గు, మంచి ఎర్తు గల సాకెట్టు తప్పనిసరి. ఎర్తు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచే ఒకమారు పరీక్షింపించుట, మేము చెప్పిన వ్యయములన్నిటిలో మిక్కిలి చిన్నది, మిక్కిలి అవసరమైనది.

కరెంటు బిల్లు భయమును లెక్కతోనే తీర్చుకొందము. ఆటయాడునపుడు యంత్రము, తెర కలిసి 250 వాట్లు తీసికొన్నచో, నాలుగు గంటలకు ఒక యూనిటు. దినమునకు మూడు గంటల చొప్పున 30 దినములకు 22.5 యూనిట్లు. ఇంటివాడుక దీనితో పైశ్లాబునకు పోవునా యని గత నెల బిల్లు చూచి, ఆటవేళను ముందే నిర్ణయించుట మంచిది. డబ్బు పెట్టి యాడు ఆన్‌లైను ఆటలకు మాత్రము ఈ యంత్రమున తావీయరాదు. తెలంగాణమున 2017లోనే వానిని నిషేధించిరి. 2025 ఆగస్టున పార్లమెంటును అట్టి చట్టమును చేసినది.

సోదరీమణులారా! దుకాణమున అడుగిడినతోడనే దీపములు వెలుగుచున్న పెట్టెలను ముందు చూపుదురు. మీరు మాత్రము పవరు సప్లయి ఏ సంస్థదని మొదట అడుగుడు. ప్రాసెసరు ఏ సంవత్సరపుదని రెండవది అడుగుడు. ర్యాము ఒక పుల్లయా, రెండా యని మూడవది అడుగుడు. ఈ మూడు ప్రశ్నలు విన్న పిమ్మట, అంతవరకు మీ కుమారునితోడనే మాటలాడుచున్న దుకాణదారు మీవైపు తిరిగి బదులు చెప్పును.